లేని రెండు పేజీలు

2008 జనవరి 17, గురువారం. వనపర్తి

కొత్త డైరీ. మొదటి పదహారు రోజులు రాయడానికి ఏమీ లేక ఖాళీగా పోయాయి. ఇవాళ ఉంది. ప్రిన్సిపాల్ శంకరయ్య గదిలోకి పిలిచి, జూన్ నుంచి నన్ను కాంట్రాక్టు లెక్చరర్‌గా తీసుకునే ఆలోచన ఉందని చెప్పాడు. ఏడేళ్లుగా గంటకింత అని పాఠం చెబుతున్నవాడికి ఈ మాట చెవిలో పడితే ఎలా ఉంటుందో డైరీకి విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే ఒక షరతు. ఈ నెలలో ఏదో ఒక రోజు ఆయన నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని వింటాడు. విని, మేనేజ్‌మెంటుకు రాస్తాడు.

"ఏ రోజు సార్?" అని అడిగాను.

"చెప్పొస్తే అది ఇన్‌స్పెక్షన్ ఎట్లయితది ప్రేమ్ కుమార్? పెండ్లిచూపులైతది" అన్నాడు.

అంతా బాగానే ఉంది, సిలబస్ ఒక్కటే బాగాలేదు. బి.ఏ. ఫైనల్ స్పెషల్ తెలుగులో ఈ ఏడు సైన్స్ ఫిక్షన్ కథలని కొత్త యూనిట్ పెట్టారు. ఐదు కథలు. పద్యమిస్తే నిద్రలో లేపినా అన్వయం చెబుతాను. ఈ రాకెట్లూ గ్రహాలూ నాకేం తెలుసు? పదో తరగతి సైన్సులో ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కినవాణ్ని. పాత రైసుమిల్లు గోదాంలో తడికెలు కట్టి గదులు చేసిన కాలేజీ మాది. అందులో పదకొండు మంది పిల్లలకు నేను అంతరిక్షం గురించి చెప్పాలి. ఖర్మ.

జనవరి 21, సోమవారం

పుస్తకం ఎక్కడా దొరకడం లేదు. హైదరాబాదులో కోఠి అంతా తిరిగినా లేదట. మా అందరి దగ్గరా ఉన్నది జిరాక్సు, అదీ జిరాక్సుకు జిరాక్సు. మొదటి కథ చెప్పాను. పర్వేజ్ నిద్రపోయాడు. వాణ్ని అనడానికి లేదు. తెల్లవారకముందే లేచి కొత్తకోటలో లారీల కింద దూరి నట్లు బిగించి, అట్నుంచి అటే క్లాసుకు వస్తాడు.

జనవరి 30, బుధవారం

నా జీవితంలో ఇంత బాగా పాఠం చెప్పిన రోజు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఐదో కథ పేరు 'వినికిడి గది'. ఎక్కడో ఒక గ్రహం మీద ఒంటరిగా ఒక స్త్రీ. వినడమే ఆమె ఉద్యోగం. భూమి నుంచి ఏదైనా కబురు వస్తుందేమోనని నలభై ఏళ్లుగా ఒక యంత్రం ముందు కూర్చుని ఉంటుంది. ఏదీ రాదు. జుట్టు నెరిసిపోతుంది. ఒకరోజు యంత్రంలో ఎవరిదో గొంతు. అక్కడిదాకా నాకు తెలుసు, ఎందుకంటే అక్కడిదాకానే పైపైన చూసుకున్నాను. నాలుగు కథలు చెప్పినవాణ్ని, ఐదోది చదువుకుంటూ చెప్పలేనా అనుకున్నాను.

మొదలుపెట్టి పది నిమిషాలు కాలేదు, శంకరయ్య లోపలికి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. నేను గొంతు పెంచాను. 'ఆమె యంత్రానికి చెవి ఆనించింది. గొంతు మెల్లగా తేటపడింది. అది' అని చదివి పేజీ తిప్పాను. పేజీ లేదు. అట్ట ఉంది. జిరాక్సు తీసినవాడు చివరి రెండు పేజీలు వదిలేశాడు.

పిల్లలు చూస్తున్నారు. ముందు బెంచీలో అంజుమ్ పెన్ను ఎత్తి పట్టుకుని కూర్చుంది. గోపాల్‌పేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ, ఈ పిల్ల మాత్రం తెలుగు పండిట్ అవుతానంటుంది. గణవిభజనలో ఒకసారి నా తప్పే పట్టుకుంది. ఆ వెనక శంకరయ్య. 'పేజీలు లేవు' అన్న మాట నా నాలుక చివరదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? చదువుకోకుండా వచ్చాడు అని రాస్తాడు, ఏడేళ్లు బూడిదలో పోసిన పన్నీరు.

పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, చెప్పాను.

ఆ గొంతు ఒక ముసలామెది అన్నాను. కూతురు ఇల్లు విడిచిన నాటి నుంచి ఆ తల్లి రోజూ పొద్దు వాలే వేళకు వాకిట్లో నిలబడి పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు ఇంత దూరం రావడానికి నలభై ఏళ్లు పట్టింది. 'బిడ్డా, జొన్నరొట్టెలు కాల్చిన, చల్లారుతున్నయి, రా' అంటోంది తల్లి. ఇంకేమీ లేదు, అంతే. ఆమె యంత్రం ఆపి, లేచి, పెట్టె సర్దుకుంది.

ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. అబద్ధం, తెలుసు. మా అమ్మ పోయి మొన్న కార్తీకానికి ఏడాది.

అంజుమ్ చున్నీతో కళ్లు తుడుచుకుంది. పర్వేజ్ మేలుకునే ఉన్నాడు. శంకరయ్య వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి, "ఏం చెప్పినవయ్యా, మా అవ్వ యాదికొచ్చింది" అన్నాడు.

పోస్టు ఖాయం.

జనవరి 31, గురువారం

వరండాలో అంజుమ్ ఆపింది. "సార్, మా జిరాక్సుల ముగింపే లేదు. మీ దాంట్ల ఉందా?"

"ఉందమ్మా. నాది అసలు పుస్తకం."

"ఒక్క రోజు ఇస్తరా సార్? గా రెండు పేజీలు రాసుకొని మల్ల ఇస్త."

"ఇంట్లో ఉంది. తెస్తాలే."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ఫిబ్రవరి 3, ఆదివారం. గద్వాల

సుహాసిని ఇక్కడ సర్కారు బడిలో టీచర్. పెళ్లయి ఆరేళ్లు, కాపురం ఆదివారాలే. నవ్వుతుందని మొత్తం కథ చెప్పాను. నవ్వలేదు.

"రేపు పోంగనే చెప్పెయ్. పేజీలు లేకుండె, నేనే అల్లిన అను. పిల్లలు నవ్వుతరు, అయిపోతది" అంది.

"శంకరయ్య చెవిన పడితే?"

"పడితే పడనీ. అల్లింది బాగుందనే కదా భుజం తట్టిండు."

"పోస్టు చేతికి రానీ. తర్వాత చెబుతా."

"పరీక్షల గదే అడిగితే ఏం జేస్తవు?"

నాలుగు యూనిట్లు, అందులో ఒక యూనిట్, అందులో ఐదు కథలు, అందులో ఒక కథ ముగింపు. అడగడానికి యూనివర్సిటీకి వేరే పనేమీ లేదా? ఈవిడ అన్నీ భూతద్దంలో చూస్తుంది.

ఫిబ్రవరి 18, సోమవారం

నోట్సు చెప్పమని పిల్లలు పట్టుబట్టారు. మా కాలేజీల్లో చదువంటే అదే. లెక్చరర్ చెబుతాడు, పిల్లలు అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటారు, పరీక్షలో అక్షరం పొల్లుపోకుండా దింపుతారు. 'వినికిడి గది' సారాంశం చెబుతూ యంత్రంలో గొంతు దగ్గరికి వచ్చి ఆగాను. ఆగింది నిజం. ఇప్పుడు చెప్పేద్దామనే ఆగాను.

"సార్, జొన్నరొట్టెలు" అని అందించాడు పర్వేజ్.

చెప్పాను. రాసుకున్నారు.

మార్చి 4, మంగళవారం

అంజుమ్ పుస్తకం మళ్లీ అడిగింది. మరిచిపోయానన్నాను. ఇది నాలుగోసారి.

మార్చి 27, గురువారం

వచ్చింది. పదిహేను మార్కులు. 'వినికిడి గది కథ ముగింపులోని ఔచిత్యాన్ని చర్చించండి.' ఎవడు తయారుచేశాడో ఈ పేపరు, వాడి చేతులు పడిపోను.

పరీక్షా కేంద్రం మా కాలేజీయే. గేటు దగ్గర నన్ను చూడగానే పదకొండు మందీ చుట్టూ మూగారు. "అందరం గదే రాసినం సార్, మీరు చెప్పింది చెప్పినట్టు" అన్నాడు పర్వేజ్. అంజుమ్ నాలుగు పేజీలు రాసిందట, అందులో రెండు పేజీలు తల్లి పిలుపు గురించే. ఆ పిల్ల మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. శభాష్ అన్నాను. ఇంకేమనను?

పేపరుకు మూడు నిమిషాలు కూడా పెట్టరు దిద్దేవాళ్లు. పేజీలు లెక్కపెట్టి మార్కులేస్తారు. నేనూ దిద్దినవాణ్నే. ఎవరూ చూడరు.

ఏప్రిల్, మే

రాయలేదు. రాయాలనిపించలేదు.

జూన్ 12, గురువారం

ఫలితాలు వచ్చాయి. స్పెషల్ తెలుగు పదకొండు నంబర్ల ఎదుటా ఒకటే మాట, విత్‌హెల్డ్. నోటీసు బోర్డు దగ్గర పిల్లలు దానికి అర్థం నన్నడిగారు. ఆపి ఉంచారని చెప్పాను. ఎందుకన్నారు. తెలియదన్నాను.

జూన్ 13, శుక్రవారం

తెలుసు.

జూన్ 16, సోమవారం

శంకరయ్య తలుపు వేసి మాట్లాడాడు. అటెండర్ మద్దిలేటిని టీ కూడా తేవొద్దన్నాడు.

"యూనివర్సిటోళ్లు ఫోన్ జేసిన్రు. పదకొండు పేపర్లల్ల ఒకటే తీరు రాసిన్రంట. పుస్తకంల లేదు, గైడుల లేదు. గ్రహం మీదికి జొన్నరొట్టెలు ఎట్ల పోయినయని అడుగుతున్నరు. పరీక్ష హాల్ల ఎవరో చెప్పి రాయించిన్రు, మాస్ కాపీయింగ్ అంటున్నరు. వచ్చే వారం ఎంక్వయిరీకి వస్తరు."

"సార్, ఆ రోజు మీరు కూడా క్లాసులో..."

"కూసున్న. కండ్లు మూతపడ్డయి. నాకేం యాదికి లేదు. నీకు గూడ యాదికి ఉండొద్దు."

నేను నిలబడే ఉన్నాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు. లెక్చరరే తప్పు చెప్పాడని తేలితే కోర్సు ఎత్తేస్తారు, కోర్సు పోతే పదకొండు మంది డిగ్రీ పోతుంది. అదే, పిల్లల్లో ఒక్కరు తప్పు ఒప్పుకుంటే మిగతా పది మంది బయటపడతారు. "నీ పోస్టు సంగతి నేను చెప్పను, నీకే తెల్సు. ముందుగాల పిల్లల నోట్సులన్నీ వాపసు తీసుకో. దిద్దెందుకని చెప్పు."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒకవైపు నిజం, ఒకవైపు పదకొండు మంది పిల్లల బతుకు. నేను ఆలోచిస్తున్నది పిల్లల గురించే. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 20, శుక్రవారం. నాగర్‌కర్నూల్

యాదయ్య గారని ఇక్కడ ఒక రిటైర్డ్ తెలుగు పండిట్ ఉన్నారని, ఆయన దగ్గర పాత పుస్తకాలు చాలా ఉన్నాయని ఎవరో చెబితే వచ్చాను. బీరువా తెరిచి రెండు నిమిషాల్లో తీసి ఇచ్చారు. అదే పుస్తకం, బ్రౌన్ పేపరు అట్టతో, పేజీలన్నీ ఉన్నాయి. వనపర్తి నుంచి బస్సులో ఒక పూట దూరం కూడా కాదు. జనవరిలో ఒక్క ఆదివారం ఇటు వచ్చి ఉంటే సరిపోయేది.

నిలబడే చదివాను. ఆ గొంతు ఎవరిదో కాదు, ఆమెదే. గ్రహం మీద దిగిన మొదటి రోజు, పాతికేళ్ల వయసులో, భూమి వైపు ఆమె పంపిన మాట. 'ఎవరైనా ఉన్నారా?' అని. అది ఎక్కడికీ చేరలేదు. ఎక్కడో దేనికో తగిలి, నలభై ఏళ్లకు తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. ముసలామె ఆ పడుచు గొంతు విని, 'ఉన్నాను' అని జవాబు చెప్పి, మళ్లీ వినడానికి కూర్చుంటుంది.

చదివాక నా రొట్టెలు తలుచుకుంటే సిగ్గేసింది. అంత మంచి కథను తీసుకుపోయి వంటింట్లో పడేశాను.

"తీస్కపో నాయనా. నాకు కండ్లు కనబడయి. చదివేటోని దగ్గరుంటే మంచిది" అన్నారు యాదయ్య గారు. ఆయన నేను చదివేవాణ్నని అనుకున్నారు.

జూన్ 24, మంగళవారం

నోట్సులు పోగుచేసి తెమ్మని అంజుమ్‌కే చెప్పాను. పదకొండూ తాడుతో కట్టి తెచ్చింది. నిజం చెప్పేయాలని నిన్ననే నిర్ణయించుకున్నాను. స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. తలుపు తెరిచే ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

"సార్, దిద్దెందుకేనా తీసుకునేది?" అంది.

నోట్సుల కట్ట అందుకుని బల్ల కింద పెట్టాను.

"పండిట్ ట్రైనింగు ఎంట్రెన్సుల నాకు ర్యాంకొచ్చింది సార్. జూలై ఆఖరుకు కౌన్సెలింగు. డిగ్రీ మెమో అడుగుతరంట. మా అబ్బా రోజు అడుగుతుండు, మెమో ఎప్పుడొస్తదని." గొంతు తగ్గించి, "సార్, గా పుస్తకం మీ దగ్గర లేకుండె కదా?" అంది.

ఎదురుగా సంచిలో యాదయ్య గారి పుస్తకం ఉంది. "ఉంది" అన్నాను. ఇప్పుడది అబద్ధం కాదు.

తీసి ఇచ్చాను. నిలబడే చివరి రెండు పేజీలు చదివింది, నాగర్‌కర్నూల్లో నేను చదివినట్టే. మూసి, బల్ల మీద పెట్టింది. కోపంగా చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. అదే బాగాలేదు.

"నిజం చెప్తే ఏమైతది సార్?"

"కోర్సే ఎత్తేస్తారట. పదకొండు మందికీ డిగ్రీ పోతుందట."

"చెప్పకుంటే?"

"ఎవరైనా ఒక్కరు ఒప్పుకుంటే మిగతావాళ్లను వదిలేస్తారని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు."

"ఒక్కరంటే ఎవరు సార్?"

"నీకు తెలివుంది అమ్మా. నేను చెప్పేదేముంది" అన్నాను.

ఈ మాట నేను మామూలుగానే అన్నాను. మెచ్చుకోలుగా అన్నాను. ఆ పిల్లకు తెలివి ఉన్న మాట నిజమే కదా.

జూన్ 27, శుక్రవారం

ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. ఒకాయన పెద్దవాడు, చెవిలో మెషీన్ పెట్టుకున్నాడు. ఇంకొకాయన చిన్నవాడు, రాసుకునేవాడు. ముందు నన్ను అడిగారు.

"ఈ కథ మీరే చెప్పారా?"

"చెప్పాను సార్."

"ముగింపు ఏమని చెప్పారు?"

యాదయ్య గారి పుస్తకం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. "ఇందులో ఉన్నదే సార్." పెద్దాయన తిరగేసి చూసి, తలూపి, "మంచి ప్రతి. మాకే దొరకలేదు" అన్నాడు. శంకరయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచారు. పర్వేజ్ వచ్చాడు. సార్ చెప్పిందే రాశామన్నాడు. సార్ చెప్పింది ఇది కదా అని పుస్తకం చూపిస్తే, వాడు నా వైపు చూసి, నోరు తెరిచి, మూసుకున్నాడు. మిగతావాళ్లూ అంతే. నోట్సులు ఏవీ అని అడిగితే సార్ దగ్గరున్నాయన్నారు. "పాతవి, తీసేసినం" అన్నాడు శంకరయ్య. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆఖరుకు అంజుమ్. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గా ముగింపు నేనే అల్లిన సార్" అంది. "సార్ చెప్పిన రోజు మేమెవ్వరం సరిగ వినలే. మా జిరాక్సుల రెండు పేజీలు లేకుండె. పరీక్షల గదే ప్రశ్న వచ్చేసరికి పరేషానై, నాకు తోచింది రాసిన. రాసుకుంట పైకి చదివిన. అందరికి వినబడింది. వాళ్లు అడగలే సార్. నేనే చదివిన."

"జొన్నరొట్టె నీ ఊహేనా?" అన్నాడు చిన్నాయన. నవ్వు ఆపుకుంటున్నాడు.

"అవును సార్. మా ఇంట్ల రోజు గవే."

సంతకం పెట్టమన్నారు. తెలుగులో పెట్టింది, గుండ్రటి అక్షరాలతో. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే చెప్పేసేవాణ్ని. నిజంగా చెప్పేసేవాణ్ని.

మద్దిలేటి టీలు తెచ్చాడు. పెద్దాయన చెవి మెషీన్ సర్దుకుంటూ నాతో అన్నాడు. "పాపం, తెలివైన పిల్ల. మేమైతే మీరే తప్పు చెప్పి ఉంటారని అనుకుని వచ్చాం. అదే అయితే మాకు పనే ఉండేది కాదు. మీకు సంజాయిషీ అడుగుతూ ఒక మెమో ఇచ్చి, పిల్లలందరికీ ఆ ప్రశ్నకు మార్కులు కలిపి వదిలేసేవాళ్లం."

"కోర్సు తీసేయరా సార్?" అన్నాను.

"ఒక లెక్చరర్ తప్పుకు కోర్సెందుకు తీసేస్తారండీ?"

రిపోర్టు అప్పటికింకా బల్ల మీదే ఉంది. చిన్నాయన ఇంకా సంతకం పెట్టలేదు, పెన్ను కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. నా జేబులోని పెన్ను తీసి ఇచ్చాను.

జూన్ 28, శనివారం

ఇవాళ ఏమీ జరగలేదు.

జూలై 5, శనివారం

పది మంది ఫలితాలు ఇచ్చేశారు. ఆ ప్రశ్నకు సున్నా వేసినా పది మందీ పాసయ్యారు. అంజుమ్‌ను రెండేళ్లు పరీక్షలు రాయకుండా డిబార్ చేశారు. పర్వేజ్ నోటీసు చదివి, ఎదురుగా వస్తున్న నన్ను చూసి, రోడ్డు దాటి అటువైపు వెళ్లిపోయాడు. నమస్తే పెట్టలేదు. మూడేళ్లు పాఠం చెప్పాను వాడికి.

జూలై 6, ఆదివారం. గద్వాల

సుహాసినికి చెప్పకుండా ఉండాల్సింది.

"కోర్సు పోతదని నీకెవరు చెప్పిన్రు? శంకరయ్య ఒక్కడే కదా. వచ్చినోళ్లను ఒక్క మాట అడిగినవా?" అంది.

"అడిగాను. టీ తాగేటప్పుడు."

"ఏమన్నరు?"

చెప్పాను. ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"అప్పటికి సంతకాలైనయా?"

"ఒకరిది అయింది."

ఆ పిల్ల ఊరేదని అడిగింది. గోపాల్‌పేట అని చెప్పాను. "ఇంటికి పో. వాళ్ల నాయన ముందర నిల్సొని చెప్పు. చెప్పిననాడే ఇక్కడికి రా" అంది. బస్సుకు ఇంకా టైముందన్నాను. స్టాండులో కూర్చోమంది. మూడు గంటలు కూర్చున్నాను.

జూలై 14, సోమవారం

కాంట్రాక్టు ఆర్డరు చేతికిచ్చారు. శంకరయ్య స్వీటు పంచాడు. రెండు చేతులతో తీసుకున్నాను. ఏడేళ్లు ఎదురుచూసిన కాగితం, మడిచి జేబులో పెట్టుకుంటే జేబు బరువెక్కినట్టు కూడా లేదు. ఈ ఏడు స్పెషల్ తెలుగులో పద్నాలుగు మంది చేరారట.

జూలై 16, బుధవారం

అసలు ఆ పిల్లను ఒప్పుకోమని నేను చెప్పలేదు. ఒక్క మాట కూడా అనలేదు. జూన్ 24 నాటి పేజీ మళ్లీ చదువుకున్నాను. అనలేదు.

జూలై 17, గురువారం

మళ్లీ చదివాను.

జూలై 20, ఆదివారం. గోపాల్‌పేట వెళ్లి వచ్చి రాస్తున్నాను

కౌన్సెలింగుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. వాళ్ల నాన్నతో నిజం చెప్పి, నా చేత్తో కాగితం రాసిచ్చి, ఆయన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీకి పోవచ్చు. బస్సులో కూర్చుని ఆ కాగితంలో ఏం రాయాలో కూడా అనుకున్నాను. 'ముగింపు నేను కల్పించి చెప్పినది. విద్యార్థిని నిర్దోషి.' రెండు వాక్యాలు. ఇంతకంటే పెద్ద సారాంశాలు వందలు చెప్పాను.

అంజుమ్ నాన్న చాంద్ పాషా ఇల్లు బస్టాండు వెనకే. ముందుగదిలో మోటారు వైండింగు షాపు, లోపల కాపురం. బోరు మోటార్లు విప్పి పడేసి ఉన్నాయి. ఆయన నన్ను చూసి గబగబా లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఉన్న ఒక్క కుర్చీ దులిపి వేశాడు.

"కూసోండ్రి సార్. మీరు మా ఇంటిదాంక వస్తరనుకోలే. మున్నీ, సార్ వచ్చిండు, చాయ్ పెట్టు" అని చిన్నకూతుర్ని కేకేశాడు.

లోపలి గుమ్మానికి తెర ఉంది. దాని కింద రెండు పాదాలు వచ్చి ఆగాయి.

"చాంద్ పాషా గారూ, మీకొక మాట చెబుదామని వచ్చాను" అన్నాను.

"చెప్పకుండ్రి సార్. నేనే రావాల్సింది. మొఖం చెల్లక రాలే." ఆయన నా ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు. "మీరు మంచిగ చెప్పిన పాఠం ఇడిసిపెట్టి, సొంతంగ ఏదో అల్లి, తోటి పిల్లలను గూడ ముంచబోయింది. మీ పేరు గూడ చెడగొట్టింది. మా ఖాందాన్‌ల ఇట్లాంటి పని ఎవ్వరు జెయ్యలే సార్. నోటీసొచ్చిన కాడికెల్లి నేను దానితోని మాట్లాడలే. పదిహేను రోజులాయె. ఇరవై ఏండ్లల్ల ఒక్క పూట గూడ మాట్లాడకుండ ఉన్నోన్ని కాదు."

"మీ అమ్మాయి..." అన్నాను.

"మాఫ్ జెయ్యుండ్రి సార్ దాన్ని. మాఫ్ జేసిన అని మీ నోటితోని ఒక్క మాటంటే, నేను మాట్లాడుత. గురువు మాఫ్ జేసినంక తండ్రికేముంది?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు. తెర కింద పాదాలు కదల్లేదు.

నిజం చెప్పినా ఆయన కూతురితో మాట్లాడతాడు. నెత్తిన పెట్టుకుని మాట్లాడతాడు. ఆ సంగతి నాకు అక్కడే, అప్పుడే తెలుసు. జేబులో తెల్లకాగితం ఉంది, పెన్ను ఉంది. ఆర్డరు వచ్చి ఆరు రోజులైంది. ఇవన్నీ వరుసగా గుర్తొచ్చాయి.

"మాఫ్ చేశాను" అన్నాను.

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత లోపలి వైపు తిరిగి, "అంజుమ్, ఇటు రా బేటా. సార్ మాఫ్ జేసిండు. వచ్చి సలాం జెయ్" అని పిలిచాడు.

తెర పక్కకు జరిగింది. ఆమె నన్ను చూడలేదు. వాళ్ల నాన్ననే చూస్తోంది, పదిహేను రోజులకు తనను పిలిచిన మనిషిని. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, నా వైపు తిప్పాడు.

"సలాం సార్" అంది. తర్వాత, ఆయన కోసం, "మెహర్బానీ సార్" అంది.

నేను చెయ్యెత్తి, చల్లగా ఉండమ్మా అన్నాను.